మోడల్‌తో ఏం మాట్లాడుతున్నారో వినండి

ప్రశ్న: పేరున్న సీనియర్ ఫొటోగ్రాఫర్ ఒకరు మోడళ్లతో షూట్ చేసేటప్పుడు వచ్చి చూడమన్నారు. ఊరికే చూస్తే పోర్ట్రెయిట్లు తీయడం వస్తుందా?
– ఓ పాఠకుడు, గౌలిపుర, హైదరాబాద్

జవాబు: వస్తుంది, తప్పకుండా వెళ్లండి. సెట్టింగుల గురించి ఆయన్ను తర్వాతైనా అడగవచ్చు. నోటి మాట మాత్రం అప్పటికప్పుడే పట్టుకోవాలి. ‘నవ్వండి’ అంటే చాలామందికి మొహం బిగుసుకుపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఏదో ఒక పని చెబుతారు: ‘చున్నీ సర్దుకోండి’, ‘బరువు వెనక కాలి మీద వేయండి’, ‘గడ్డం కాస్త ముందుకు, ఇప్పుడు కొంచెం కిందకు’. ఈ ఆఖరి మాటతో దవడ గీత తేలుతుంది, గడ్డం కింద మడత పోతుంది. అర్థం కాకపోతే తామే నిలబడి చూపిస్తారు. జుట్టు సరిచేయాలన్నా అడిగాకే చెయ్యి వేస్తారు. మీరు ముందు నేర్చుకోవాల్సింది ఈ మర్యాదే.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో మన హైదరాబాద్‌లోనే పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించారు. కూర్చున్నవారి నిశ్చింత ఫొటోకు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

షూట్‌లో రిఫ్లెక్టర్ పట్టుకునే పని అడిగి తీసుకోండి. చెంప మీద వెలుగు ఎలా మారుతుందో దగ్గర నుంచి తెలుస్తుంది. మధ్యలో ఫోన్‌తో ఫొటోలు తీయకండి, మోడల్ చూపు చెదురుతుంది. ఇంటికొచ్చాక తమ్ముడినో పిన్నినో కిటికీ పక్కన కూర్చోబెట్టి, విన్న మాటలే చెబుతూ తీయండి. ఆ ఫొటోలు మీ సీనియర్‌కు చూపించి, ఎక్కడ ఏ మాట చెప్పి ఉండాల్సిందో అడగండి.