ఎదుటివారి సమయము – మన బాధ్యత



1953లో తుంగభద్ర డ్యాము పూర్తియైన తరువాత, కాలువ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాలనుండి ఎన్నో కుటుంబములు ఈ ప్రాంతమునకు వచ్చి క్యాంపులలో స్థిరపడ్డాయి. కనుక సిరుగుప్పలో మనకు వంతు నీటి సంగతి బాగా తెలుసును. ఎగువ రైతు తన వంతు ముగిసినా తూము మూయకపోతే, చివర ఉన్న రైతు మడి ఎండుతుంది. ఆ నష్టము ఎగువవానికి కనబడదు. సమయము కూడా ఇట్టిదే. మనము చేసిన ఆలస్యము ఎదుటివారి గంటలను తినివేస్తుంది.

నేను ప్రధానోపాధ్యాయునిగా పనిచేయు రోజులలో ఒకసారి తల్లిదండ్రులను ఉదయము 9 గంటలకు రమ్మని, నేను 10 దాటిన తరువాత వెళ్లాను. అవి నాట్ల దినములు. ఒక తల్లి మెల్లగా, "అయ్యగారూ, ముఠా వెళ్లిపోయింది. ఈ రోజు కూలి పోయినట్లే" అన్నది. నాకు ఒక గంట ఆలస్యము; ఆమెకు ఒక దినపు అన్నము. ఆ మాట నేటికీ మరువలేదు.

అప్పటినుండి నేను అలవరచుకొన్న పద్ధతులు ఇవి:

1. రేపటి పనులలో ముఖ్యమైన మూడింటిని రాత్రే కాగితముపై వ్రాసికొనుట; కష్టమైనదానిని ఉదయమే ముగించుట.

2. పెద్ద పనిని భాగములు చేసి, సామగ్రిని ముందే సిద్ధపరచుట. 2024 ఆగస్టు 10 రాత్రి మన డ్యాము 19వ గేటు కొట్టుకొనిపోయినది. నిపుణులు కన్నయ్యనాయుడు గారి సలహాతో ఐదు ఉక్కు పలకలను తయారుచేయించి, నీరు పారుచుండగానే ఒక్కొక్కటిగా దించి, ఆగస్టు 17 నాటికి ఆ ఖాళీని మూశారు.

3. మీటింగు పిలిచినప్పుడు, ఎందుకో, ఎన్ని గంటలకు ముగియునో ముందే చెప్పుట. వచ్చినవారితో సమయానికే ఆరంభించుట. ఆలస్యముగా వచ్చువారికొరకు ఆగినచో, వేళకు వచ్చినవారిని శిక్షించినట్లగును.

4. ఆలస్యము తప్పనప్పుడు ముందుగా ఫోను చేయుట. "ఐదు నిమిషములలో వస్తాను" అని అరగంట చేయకుండుట.

5. పనిలో మునిగియున్నవారిని చిన్న సంగతికై మాటిమాటికి పిలువక, అడుగవలసినవన్నీ ఒకేసారి అడుగుట.

ఆలోచించుటకు ప్రశ్నలు:

మిల్లులోనో, ఆఫీసులోనో, పొలములోనో ఈ వారము నా కొరకు ఎవరు కాచుకొన్నారు? వారు కోల్పోయినదేమిటి?

మన సంఘ కమిటీ చెప్పిన వేళకు ఆరంభమగుచున్నదా?

పై ఐదింటిలో ఒక్కదానిని ఎంచుకొని ఒక నెల పాటించి చూడండి. మన వంతు ముగియగానే తూము మూయుదము. దిగువన ఎవరో ఎదురుచూచుచున్నారు.