కొవ్వు పంపే కబుర్లు

వాడరేవులో తెల్లవారింది. పడవలు ఒడ్డుకు వచ్చాయి. వలల్లోంచి చేపలు ఏరుతున్నారు. ఒకప్పుడు ఈపాటికి అత్త గంప నెత్తికెత్తుకునేది. చీరాల దాకా నడిచి వెళ్లి చేపలు అమ్మేది. ఇప్పుడు ఆటోలు వచ్చాయి. బేరం కొడుకు చూసుకుంటున్నాడు. అత్తకు నడక తప్పింది. నాలుగేళ్లలో ఒళ్లు బాగా పెరిగింది. "నీకేమమ్మా, సుఖపడ్డ ఒళ్లు" అని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు.

అత్తకు ముట్లుడిగి ఎనిమిదేళ్లయింది. మొన్న మళ్లీ రక్తం కనిపించింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. కోడలే కనిపెట్టింది.

"ఏందత్తా ఇది? ఎన్నాళ్ల నుంచి?"

"వేడి చేసిందిలేవే. అదే పోద్ది."

"పోయేదాకా కూర్చుంటామా? ఆస్పత్రికి పోదాం పద."

డాక్టరమ్మ అంతా విన్నది. "ముట్లుడిగాక ఒక్క చుక్క కనిపించినా రావాలమ్మా. దాచకూడదు" అన్నది. స్కానింగు తీయించింది. గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

"ఎందుకట్టా అయింది డాక్టరమ్మా?" అని కోడలు అడిగింది.

"ఒంట్లో కొవ్వు పెరగడం ఒక కారణం" అన్నది డాక్టరమ్మ.

కొవ్వుకూ గర్భసంచికీ సంబంధం ఏమిటి? కొవ్వంటే గాదెలో పోసిన వడ్లలాంటిదని చాలామంది అనుకుంటారు. ఉన్నచోటనే ఉంటుంది, అవసరానికి పనికొస్తుంది, అంతే అనుకుంటారు. కానీ కొవ్వు ఊరికే ఉండదు. హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. హార్మోను అంటే ఒక అవయవం ఇంకో అవయవానికి పంపే కబురు.

1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనును కనిపెట్టింది. అది కొవ్వులో పుడుతుంది. "ఇక తిండి చాలు" అని మెదడుకు చెబుతుంది. ఒళ్లు పెరిగినవారిలో లెప్టిన్ ఎక్కువే. కానీ మెదడు ఆ మాట వినడం మానేస్తుంది. పైగా ఎక్కువైన లెప్టిన్ క్యాన్సర్ కణాల పెరుగుదలకు తోడ్పడుతుందని ప్రయోగాల్లో తేలింది. కొవ్వులోనే మేలుచేసే హార్మోను కూడా ఒకటి పుడుతుంది. దాని పేరు అడిపోనెక్టిన్. చిత్రం ఏమంటే, కొవ్వు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది.

అత్త విషయంలో ముఖ్యమైనది ఈస్ట్రోజెన్. వయసులో ఉన్నప్పుడు ఈ హార్మోను అండాశయాల్లో తయారవుతుంది. గర్భసంచి పొరను పెంచుతుంది. ఆ పెరుగుదలను అదుపుచేసే హార్మోను ఇంకొకటి ఉంటుంది. దాన్ని ప్రొజెస్టిరాన్ అంటారు. ముట్లుడిగాక అండాశయాలు ఈ పని ఆపేస్తాయి. కానీ కొవ్వు మాత్రం వేరే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. అదుపుచేసేది లేదు, పెంచేది ఉంది. మిరప చేలో యూరియా చల్లి కలుపు తీయకపోతే ఏమవుతుంది? అట్లాగే పొర మందమవుతుంది. ఏళ్లు గడిస్తే కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. ముట్లుడిగినవారికి వచ్చే రొమ్ము క్యాన్సర్‌కు కూడా ఈ ఈస్ట్రోజెన్ తోడవుతుంది.

ఒంట్లో కొవ్వు పెరిగితే 13 రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. పెద్దపేగు, కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్లు అందులో ఉన్నాయి. లావుగా ఉన్నవారందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు. సన్నగా ఉన్నవారికి రాదనీ కాదు. చుట్ట కాల్చేవాడికి, పొగాకు నమిలేవాడికి ఒంట్లో కొవ్వు లేకపోయినా నోటి క్యాన్సర్ రావచ్చు.

డాక్టరమ్మ టేపుతో అత్త నడుము కొలిచింది. 98 సెంటీమీటర్లు ఉంది. మన దేశపు ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 దాటకూడదు.

"ఈ వయసులో కడుపు మాడ్చుకోమంటావా?" అన్నది అత్త.

"మాడ్చుకోవద్దు. నూనె, తీపి తగ్గించు. చేప వేపుడు కాకుండా పులుసు తిను. రోజూ నడువు."

పది రోజులకు ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు. పొర మాత్రం పెరిగింది. డాక్టరమ్మ ప్రొజెస్టిరాన్ లాంటి మందు రాసిచ్చింది. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నది.

బస్సులో కోడలు చీటీ అడిగింది. అత్త ఇవ్వలేదు. కొంగుముడి విప్పి, చీటీ తీసి, కూడబలుక్కుంటూ తేదీ తానే చదివింది.

"బుధవారం పడింది. ఆ రోజు గంప నేనే తీసుకెళ్తా. చీరాల దాకా నడిచే పోతా, అటునించటే ఆస్పత్రి."