యాపిల్, పండు, ఫలం: పూజ పళ్లెంలో దాగిన అర్థం

ఈ రోజు పూజ పళ్లెంలో కనిపించే ఒక చిన్న మాట గురించి తెలుసుకుందాం.

పాత ఇంగ్లీషులో యాపిల్ అనే మాటని ఏ పండుకైనా వాడేవారు. అందుకే పైనాపిల్, కస్టర్డ్ యాపిల్, వుడ్ యాపిల్ లాంటి పేర్లు వచ్చాయి. మనకి పైనాపిల్ అంటే అనాస. కస్టర్డ్ యాపిల్ అంటే సీతాఫలం. అమెరికా ఖండం నుంచి వచ్చిన పండైనా, సీతమ్మ పేరు పెట్టి మనదాన్ని చేసుకున్నాం! వుడ్ యాపిల్ అంటే వినాయక చవితికి పాలవెల్లికి కట్టే వెలక్కాయ. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటో చూసుకోండి, మారేడు కాయని కూడా అదే పేరుతో పిలుస్తుంటారు.

పండు అంటే పండటం

తెలుగులో పంట పండుతుంది, గోరింటాకు పండుతుంది, నోము పండుతుంది. అనుభవం ఉన్న పెద్దాయన్ని తల పండినవాడు అంటాం. వీటన్నిటికీ టైమ్ కావాలి. గోరింటాకు పెట్టుకున్న పది నిమిషాలకే కడిగేస్తే చెయ్యి ఎర్రగా పండుతుందా? పండదు కదా!

ఫలం అంటే ఫలితం కూడా

సంస్కృతంలో పండూ ఫలమే, చేసిన పనికి వచ్చే ఫలితమూ ఫలమే. సఫలం, విఫలం, కర్మఫలం, రాశిఫలాలు, ఉపవాసం రోజు తినే ఫలహారం... అన్నిట్లో ఉన్నది ఆ మాటే.

ఇప్పుడు భగవద్గీత 9వ అధ్యాయం తీయండి. 26వ శ్లోకంలో కృష్ణుడు, భక్తితో ఇస్తే ఆకు, పువ్వు, పండు, నీళ్లు ఏదైనా స్వీకరిస్తానంటాడు. 27లో, నువ్వు చేసే ప్రతి పనినీ నాకు అర్పించు అంటాడు. 28లో, అలా చేస్తే కర్మల మంచి చెడు ఫలాల బంధం నుంచి విడుదలవుతావంటాడు. గమనించారా? పళ్లెంలో పండుగా మొదలైన ఫలం, మూడో శ్లోకానికి మన జీవిత ఫలితం అయింది!

ఇంటర్వ్యూ ఇచ్చొచ్చి మెయిల్ కోసం గంటకోసారి ఫోన్ చూసుకునే వాళ్లకి ఇది చాలా అవసరం. ఫలితం గురించి పట్టించుకోవద్దు కాబట్టి చదవక్కర్లేదు అని కొందరు జోక్ చేస్తారు. కానీ 2వ అధ్యాయం 47వ శ్లోకం పని మీదే నీకు అధికారం అని చెప్పి, చివర్లో పని మానేయాలన్న ఆలోచన కూడా వద్దంటుంది. నీళ్లు పోయడం మన వంతు. పండే టైమ్ మన చేతిలో లేదు.

ఈసారి దేవుడి ముందు అరటిపండో యాపిలో పెట్టినప్పుడు, మీరు ఎదురుచూస్తున్న ఒక ఫలితాన్ని కూడా మనసులో అక్కడే పెట్టేయండి. తర్వాత ఆ పండు ప్రసాదంగా మళ్లీ మన చేతికే వస్తుంది. తీపిగా ఉన్నా, కాస్త పుల్లగా ఉన్నా కళ్లకద్దుకునే తింటాం కదా. వచ్చిన ఫలితాన్ని కూడా అలాగే తీసుకుందాం, మర్నాడు మళ్లీ పనిలో కూర్చుందాం.

మీ అందరి నోములూ పండాలి. శుభమస్తు!