లిస్బన్ నుండి హెల్సింకికి

చిరంజీవియగు మనుమనికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. లిస్బన్‌లో పగలు పదింటికి లేచిన విమానము హెల్సింకిలో సాయంకాలము నాలుగున్నరకు దిగుననియు, హెల్సింకిలో పదింటికి లేచినది లిస్బన్‌లో ఒంటిగంటకే వ్రాలుననియు లెక్కించి, పోవుటకు ఆరున్నర గంటలు పట్టిన దారి వచ్చుటకు మూడే గంటలెట్లగునని అడిగితివి. ప్రశ్న మెచ్చదగినది, కాని తిరుగుదారిలో గాలి వెనుకనుండి తోయుచుండునని నీవు చెప్పుకొన్న సమాధానము మాత్రము సత్యమునకు తలక్రిందులు.

మొదట దూరము. గ్లోబుపై ఆ నగరముల నడుమ దారమును బిగించి పట్టుము. అది బిస్కే అఖాతమును దాటి, సగము దారిలో బ్రస్సెల్సు సమీపమునకు వచ్చి, దక్షిణ స్వీడను మీదుగా, బాల్టిక్ సముద్రతీరముల వెంట హెల్సింకి చేరును. పొడవు సుమారు 3,360 కిలోమీటర్లు. మెర్కేటరు 1569లో వెలువరించిన పద్ధతి ననుసరించిన పటములపై గీసిన సరళరేఖ ఆద్యంతము ఈశాన్యమునకే సాగగా, ఈ దారము లిస్బన్ వద్ద ఉత్తరమునకు మొగ్గి, పోను పోను తూర్పునకు ఒరుగును. ఇక్కడ ఆ రెంటి భేదము ముప్పది కిలోమీటర్ల పాటిదే గాని, ఖండములు దాటు దారులలో అది ఉపేక్షింపదగినది కాదు.

గంటకు 850 కిలోమీటర్ల వేగమున ఈ దూరమును భాగించినచో నాలుగు గంటలు నిండవు. అయినను నేలపై పాకుటకును, ఎత్తునకెక్కి దిగుటకును, విమానాశ్రయపు వరుసలో వేచియుండుటకును కాలము కావలెను గదా! ఇంతకు తోడు, విమానములు ఎగురు పది కిలోమీటర్ల ఎత్తున, ఆ అక్షాంశములలో గాలి సాధారణముగా పడమటినుండి తూర్పునకు వీచును. శీతకాలమున మరింత బలియును. కావున హెల్సింకికి పోవు విమానమునకు రమారమి నాలుగున్నర గంటలును, తిరిగి వచ్చుదానికి అయిదు గంటలును పట్టును. తిరుగుదారియే దీర్ఘమన్నమాట.

మరి నీ లెక్కలోని మూడు గంటల మాటేమి? ఫిన్లండు గడియారము పోర్చుగలు గడియారముకంటె రెండు గంటలు ముందు. పోవునప్పుడు ఆ రెండును కలిసినవి, వచ్చునప్పుడు తీసివేయబడినవి. గాలి చేసిన అరగంట పని ఆ సందడిలో మరుగుపడినది. ఉపాయ మొకటి చెప్పెదను: ఆరున్నరను మూడును కూడి సగము చేయుము. గడియారముల భేదము దానంతటదే కొట్టుపడి, నాలుగు గంటల నలువదియైదు నిమిషములు మిగులును. అది గాలితో నిమిత్తము లేని ప్రయాణకాలమునకు చాల దగ్గర.

ఆ రెండు గంటలును సూర్యుడిచ్చినవే యని భ్రమింపకుము. నగరముల నడుమ రేఖాంశభేదము 34 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషముల వంతున సూర్యుని లెక్క రెండు గంటల పదునారు నిమిషములు. మిగిలినది ప్రభుత్వముల ఇచ్ఛ. పోర్చుగలు ప్రక్కనేయున్న స్పెయిను 1940లో గడియారమును ముందునకు త్రిప్పి నేటికిని వెనుకకు మరల్చలేదు. పోర్చుగలు సైతము 1992లో మధ్య ఐరోపా కాలమును స్వీకరించి, చీకటి ఉదయములతో విసిగి కాబోలు, 1996లో విడిచిపెట్టినది. ఇట్టి విషయములలో దొరతనములకంటె సూర్యుని నమ్ముటే నాకు మేలనిపించును.

ఇప్పుడు లిస్బన్‌నుండి ఏథెన్సుకు ఇదే లెక్క కట్టి పంపుము. ఏథెన్సు గడియారమును హెల్సింకి గడియారమును ఒక్కటే. కాని ఆ దారి ఇంచుమించు నేరుగా తూర్పునకు పోవునది గనుక, గాలి పాలు అక్కడ ఎంత పెరుగునో చూడుము.

ఇట్లు,
తాతయ్య