పని పక్కన పేరు

చి. మేనకోడలికి,

నువ్వు పంపిన సావనీరు డ్రాఫ్టు అందింది. ఊరి గ్రంథాలయంలో చెదలు తినేస్తున్న పుస్తకాల్లోంచి, రచయిత పోయి 60 ఏళ్లు దాటి కాపీరైటు తీరిపోయినవాటిని ఏరి, స్కాన్ చేసి, తెలుగు వికీసోర్సులో ఎక్కించారు. జీతం బత్తెం లేకుండా మీరంతా కలిసి చేసిన ఈ పని చూస్తే నాకు గర్వంగా ఉంది.

డ్రాఫ్టు ముందు పేజీల్లో అధ్యక్షుల వారి ఫొటో, దాతల ఫొటోలు, ముఖ్య అతిథి సందేశం ఉన్నాయి. ఉండనీ, డబ్బిచ్చినవాళ్ల పేర్లు ఉండాల్సిందే. పని చేసినవాళ్లు మాత్రం చివరి పేజీలో ‘తదితర వలంటీర్లు’ కింద కలిసిపోయారు. అచ్చుకి వెళ్లేలోపు అది మార్చమ్మా.

వికీసోర్సులో చరిత్ర ట్యాబు నొక్కితే ఎవరేం చేశారో కనిపిస్తుంది కదా, మళ్లీ ఎందుకని ఫోన్లో అన్నావు. నిజమే, ఆ ఏర్పాటంటే నాకూ గౌరవం. పేజీ మొదట ఎరుపులో ఉంటుంది. ఒకరు మూలంతో పోల్చి దిద్దితే పసుపు, ఇంకొకరు మళ్లీ చదివి సరేనంటే ఆకుపచ్చ. దిద్దినవాళ్లే ఆమోదించే వీల్లేదు. కాబట్టి పూర్తయిన ప్రతి పేజీ వెనక కనీసం ఇద్దరుంటారు, ఇద్దరి పేర్లూ తేదీతో సహా నిలిచిపోతాయి.

అయితే కీబోర్డు మీద వేళ్లు పెట్టినవాళ్లు తప్ప ఆ చరిత్రకి ఇంకెవరూ కనబడరు. మీరు ఎక్కించిన పద్యకావ్యం సంగతే చూడు. స్కాన్‌లోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ అరసున్నలను మింగేసింది, బండి ఱలను ఇష్టమొచ్చినట్టు మార్చేసింది. ఏ పాదంలో యతి తప్పిందో, ఎక్కడ గణం విరిగిందో పట్టుకున్నది రిటైరైన మీ తెలుగు మాస్టారు. ఆయనకి టైపింగు రాదు. ఆయన చెబుతుంటే పక్కన కూర్చున్న డిగ్రీ కుర్రాడు సవరించాడు. చరిత్రలో కుర్రాడి యూజర్‌నేమ్ ఒక్కటే ఉంది. కుర్రాడి పని తక్కువది కాదు, కానీ ఆ పద్యాలు నిలబడింది మాస్టారి చెవి వల్ల. ఆ మాట మీరు రాయకపోతే ఇంకెక్కడా ఉండదు.

ఊడిపోయిన పేజీలను వరస పెట్టిన గ్రంథపాలకుడు, రచయిత వారసుల ఇంటికి తిరిగి అట్టలేని ప్రతికి అట్ట సంపాదించినామె, స్కానరు పెట్టుకోమని తన ఇంటి ముందుగది ఇచ్చినవాళ్లు కూడా అంతే. ఒక్క ఎడిట్ లేదు గనుక వాళ్లు లేనట్టేనా? శాస్త్ర పరిశోధన పత్రికలు ఈ చిక్కును గుర్తించి, ఒక వ్యాసానికి తోడ్పడ్డవాళ్ల పనులను 14 రకాలుగా విడదీసి చెప్పే పద్ధతి పెట్టుకున్నాయి. మీకు అన్ని రకాలక్కర్లేదు. పేరు, పక్కన చేసిన పని ఒక వాక్యంలో, చాలు. పని చెప్పకుండా పేర్లన్నీ అక్షరక్రమంలో పేర్చేస్తే నెలలు కష్టపడ్డవాళ్లూ ఒక్క పూట వచ్చివెళ్లినవాళ్లూ ఒకే వరసలో పడతారు. అలాగని ఎడిట్ల లెక్కతో కొలవకు. కామాలు దిద్దితే వందలు వస్తాయి, చిరిగిపోయిన ఒక్క పేజీ పూరించడానికి వారం పట్టొచ్చు.

పేరు అచ్చులో ఉండటం ఎంత పని చేస్తుందో సురవరం ప్రతాపరెడ్డి గారికి తెలుసు. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినప్పుడు ఆయన వాదనతో ఆగలేదు. ఊరూరా కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది ఉన్నారు. ఆ పేర్ల వరసే ఆయన జవాబు. వాళ్లలో చాలామందికి అది లేకపోతే ఈరోజు ఆనవాలు కూడా దొరికేది కాదని నా నమ్మకం.

ఇక పద్ధతి సంగతి. ఇప్పుడు గుర్తు తెచ్చుకుని రాస్తే కచ్చితంగా కొందరు జారిపోతారు, ముఖ్యంగా మొదట్లో వచ్చి మానేసినవాళ్లు. మీ వాట్సాప్ గ్రూపు మొదటి మెసేజీ నుంచి చదువుకుంటూ రా. తదుపరి పుస్తకం నుంచి ఏ రోజు పని ఆ రోజే ఒక నోట్‌బుక్కులో రాయించు. మాట పట్టింపుతో వెళ్లిపోయిన అబ్బాయి స్కాన్ చేసిన పుస్తకాలు ఇంకా మీవేగా, అతని పేరు తప్పకుండా ఉండాలి. ఇందులో నేను రాజీపడను. ఆడవాళ్లను ఫలానా వారి శ్రీమతి అని వెయ్యొద్దు, వాళ్ల పేరే వెయ్యి. యూజర్‌నేమ్‌తో పనిచేసేవాళ్ల అసలు పేరు అడగకుండా బయటపెట్టకు. అసలు పేరే వద్దన్నవాళ్లుంటే బలవంతం చెయ్యకు.

ఇంకొకటి. సావనీరులో ఊరి చరిత్ర వ్యాసం తెలుగు వికీపీడియా నుంచి తీసుకున్నారు, ఆ మాట ఎక్కడా లేదు. అక్కడి రాతను ఎవరైనా వాడుకోవచ్చు, అచ్చు వేసి అమ్ముకోవచ్చు కూడా. కానీ రాసినవాళ్లను గుర్తించాలి, మార్పులు చేస్తే చేశామని చెప్పాలి, అదే లైసెన్సు కొనసాగించాలి. ఇది మర్యాద కోసం కాదు, షరతు. వ్యాసం కింద పేజీ పేరు, లింకు, లైసెన్సు పేరు వేస్తే సరిపోతుంది. లింకు పట్టుకుని వెళ్లినవాళ్లకి రాసినవాళ్లంతా కనిపిస్తారు.

సభలో అందరికీ శాలువాలు కప్పాలని లేదు, అంత డబ్బు మీ దగ్గర లేదనీ తెలుసు. పుస్తకం పేరు చదివినప్పుడల్లా దానికి పనిచేసినవాళ్ల పేర్లు, చేసిన పని మైకులో చదవండి. ముఖ్య అతిథి ప్రసంగం కంటే ముందే చదవండి, తర్వాతైతే జనం లేచిపోతారు.

కొత్త జాబితా తయారయ్యాక నాకో కాపీ పంపు. ప్రెస్సుకి ఇచ్చేముందు ఎవరి పేరు వాళ్లకి చూపించు. మాస్టారి ఇంటిపేరు డ్రాఫ్టులో రెండుచోట్ల రెండు రకాలుగా పడింది, ఏది సరైనదో ఆయన్నే అడిగి దిద్దించు.

మీ మామయ్య