ఫాన్ బెల్టు తెగితే కారు ఎందుకు ఆగుతుంది?

మా నరసన్నపేట చుట్టుపక్కల ధాన్యం మిల్లులు చాలా ఉన్నాయి. పాతకాలపు మిల్లులోకి వెళ్లినవారికి ముందుగా కనిపించేది వెడల్పాటి పట్టా బెల్టు. ఒక మూల మోటారు, ఇంకో మూల బియ్యం ఆడే హల్లరు, రెండింటి మధ్య టపటప కొట్టుకుంటూ పరుగెత్తే బెల్టు. చక్రానికి పళ్లు లేవు, బెల్టుకు జిగురు లేదు. అయినా మోటారు తిరిగితే హల్లరు తిరుగుతుంది. ఈ పని చేసేది ఘర్షణ. యంత్రాలు అరిగిపోవడానికి ఘర్షణే కారణమని మీరు పాఠంలో చదువుకుని ఉంటారు. ఇక్కడ మాత్రం అది లేకపోతే పనే జరగదు.

కారు ఇంజను ముందు భాగంలోనూ ఇలాంటి బెల్టే ఉంటుంది. దాని విలువ నాకు తెలిసింది 1987లో, పదో తరగతి చదివే రోజుల్లో. బంధువుల పెళ్లికి అద్దె అంబాసిడర్ కారులో టెక్కలి బయలుదేరాం. (ఇప్పుడు 16వ నంబరు అంటున్న ఆ జాతీయ రహదారి అప్పట్లో 5వ నంబరు.) కోటబొమ్మాళి దాటాక డ్రైవరు ముందున్న పలక మీద చిన్న ఎర్రదీపం వెలిగింది. పెళ్లివేళ దగ్గర పడుతోందని ఆయన ఆపలేదు. కొద్దిసేపటికే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. కారు ఆపక తప్పలేదు.

మా మావయ్య తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాడు. డ్రైవరు ఒక్క ఉరుకున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఓలమ్మ, ఆ మూత ముట్టుకోకండి బాబూ! మొకం కాల్చుకుంతారేటి?" అన్నాడు.

ఆయన మాటలో భౌతికశాస్త్రం ఉంది. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత వంటిది. లోపల ఒత్తిడి పెరిగినందువల్ల నీరు 100 డిగ్రీల సెల్సియస్ దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పడిపోతుంది, ఆ నీటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై మిగతా నీటిని మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కాబట్టి ఇంజను చల్లారేదాకా ఆగాలి. తొందరపడి వేడి ఇంజనులో చన్నీళ్లు పోయడమూ తప్పే. వేడి లోహం ఒక్కచోట హఠాత్తుగా సంకోచిస్తే పగులుతుంది.

చల్లారాక బానెట్ ఎత్తి చూస్తే బెల్టు తెగి పడి ఉంది. అంబాసిడర్‌లో ఈ ఒక్క బెల్టే మూడు పనులు చేసేది. ఇంజను చుట్టూ నీరు తిప్పే పంపును, రేడియేటర్‌లోకి గాలి లాగే ఫాన్‌ను, బ్యాటరీకి విద్యుత్తునిచ్చే డైనమోను అదే తిప్పేది. బెల్టు తెగగానే డైనమో ఆగింది, అందుకే ఎర్రదీపం. నీరు తిరగడమూ అప్పుడే ఆగింది కాని, నీరు మరగడానికి కొంత వ్యవధి పడుతుంది. దీపం ఆ వ్యవధిని మనకు ఇచ్చింది. మా డ్రైవరు దాన్ని వాడుకోలేదు, అంతే.

బెల్టు ఎలా పట్టుకుంటుందో ఇప్పుడు చూద్దాం. బెదిరిన ఎద్దును ఒక్క మనిషి తాడు పట్టి ఆపలేడు. తాడును గుంజకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే ఆపగలడు. ఘర్షణ గుణకం 0.3 అనుకుని లెక్క కడితే, రెండు చుట్లకు మనిషి పెట్టే బలం కంటే దాదాపు 43 రెట్ల లాగుడును గుంజ నిలబెడుతుంది. బెల్టు పుల్లీ చుట్టూ సుమారు సగం చుట్టే తిరుగుతుంది. అదే గుణకంతో చదునైన పట్టా బెల్టు బిగువు వైపు లాగుడు, వదులు వైపు లాగుడుకు రెండున్నర రెట్లు దాటితే జారుతుంది. అది చాలదు. మరేం చేశారు? బెల్టును అడుగున సన్నంగా, పైన వెడల్పుగా చేసి, ఏటవాలు గోడలున్న గాడిలో కూర్చోబెట్టారు. గుమ్మం సందులో దూర్చిన చెక్కముక్కలా అది ఇరుక్కుంటుంది. గోడల మధ్య కోణం 38 డిగ్రీలైతే, బెల్టు లోపలికి నొక్కే బలానికి దాదాపు మూడు రెట్ల ఒత్తిడి గోడల మీద పడుతుంది. అప్పుడు రెండున్నర రెట్లు కాస్తా సుమారు 18 రెట్లవుతుంది! గాడి ఆకారం మారినంత మాత్రాన ఇంత తేడా.

ఒక సంగతి గమనించండి. పట్టు గోడల దగ్గర ఉంది, అడుగున లేదు. బెల్టు పక్కలు అరిగి సన్నబడితే అది కిందికి దిగి గాడి అడుగును తాకుతుంది. ఇరుకు పోయి, మళ్లీ పట్టా బెల్టు అయిపోతుంది. అందుకే గాడి అడుగు నున్నగా మెరుస్తోందంటే బెల్టు పని అయిపోయినట్టే.

పరీక్ష చేసేటప్పుడు ఇంజను ఆపి ఉండాలి, తాళంచెవి తీసి ఉండాలి, ఇంజను చల్లారి ఉండాలి. కొత్త కార్లలో ఫాన్ విద్యుత్తుతో తిరుగుతుంది. ఇంజను ఆపాక కూడా అది ఉన్నట్టుండి తిరగవచ్చు. చున్నీ, కండువా, వదులు చొక్కా చేతులు దగ్గరకు రాకూడదు. ఒక మిల్లులో పనిచేసి రెండు వేళ్లు పోగొట్టుకున్న మనిషిని నేనెరుగుదును. తిరుగుతున్న బెల్టు మీది చెత్త తీయబోయాడాయన. ఇంట్లో కారు ఉంటే పెద్దవాళ్ల పక్కన నిలబడి, టార్చిలైటు వేసి చూడండి. బెల్టును కాస్త మెలితిప్పి అడుగు భాగం చూడాలి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. అంచుల్లో పోగులు లేచాయా? పక్కలు అద్దంలా మెరుస్తున్నాయా? మెరుస్తుంటే అది జారి జారి కాలిందన్నమాట. వానాకాలం ఉదయం కారు స్టార్టు చేయగానే వినిపించే కీచుమనే అరుపు తరచుగా ఈ జారుడుదే. నూనె తగిలిన బెల్టును తుడిచి వాడుకోవచ్చని కొందరంటారు, నేను ఒప్పుకోను. నూనె రబ్బరును మెత్తబరుస్తుంది. ముందు నూనె ఎక్కడినుంచి కారుతోందో వెతకాలి.

తరవాత బిగువు. పాత కార్లలో రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో నొక్కితే బెల్టు సుమారు 12 మిల్లీమీటర్లు దిగాలి. ఎక్కువ దిగితే వదులు, జారుతుంది. "అయితే బాగా బిగిస్తే పోలేదా?" అని అడిగే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. బిగించిన కొద్దీ బెల్టు పుల్లీలను ఒకదానివైపు ఒకటి లాగుతుంది. ఆ భారమంతా పంపు, డైనమోల బేరింగుల మీద పడి అవి పాడవుతాయి. బెల్టు కంటే వాటి ఖరీదు చాలా ఎక్కువ.

మా డ్రైవరు డిక్కీలోంచి కొత్త బెల్టు తీశాడు. బేరం పోయినా స్పేరు బెల్టు లేకుండా బయలుదేరనన్నాడు. పానాతో డైనమో బోల్టులు వదులు చేసి దాన్ని ఇంజను వైపు నెట్టాడు. బెల్టును ఫాన్ రెక్కల మీదుగా ఒక్కొక్క రెక్కా దాటించి మూడు పుల్లీల గాడుల్లో వేశాడు. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తి ఎక్కించలేదు. అలా చేస్తే లోపలి పోగులు తెగుతాయి, పైకి మాత్రం కనబడదు. డైనమోను బయటికి లాగి పట్టి బోల్టులు బిగించి, బొటనవేలితో నొక్కి చూశాడు. రేడియేటర్‌లో నీళ్లు నింపాడు. ఇంజను కాసేపు నడిపి, ఆపి, మళ్లీ నొక్కి చూసి కొంచెం బిగించాడు. కొత్త బెల్టు మొదట్లో కాస్త సాగుతుంది కదా! ముహూర్తం దాటాక చేరుకున్నాం, భోజనాలు మాత్రం దొరికాయి.

ఇప్పటి కార్లలో చాలావాటికి పలుచని వెడల్పాటి బెల్టు ఉంటుంది. దాని లోపలివైపు నిలువు గాళ్లు వరుసగా ఉంటాయి. చిన్న చిన్న ఏటవాలు బెల్టులు పక్కపక్కన అతికించినట్టన్నమాట. పలుచన కాబట్టి చిన్న పుల్లీల చుట్టూ సులభంగా వంగుతుంది. బిగువును స్ప్రింగు ఉన్న టెన్షనర్ చూసుకుంటుంది. విప్పేముందు బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు వెళ్తోందో కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. ఎక్కించాక ప్రతి పుల్లీ దగ్గరా గాళ్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక్క గాడి పక్కకు జరిగినా బెల్టు అంచు చీలిపోతుంది. ఈ కొత్త రకం రబ్బరు పగుళ్లివ్వకుండానే అరుగుతుంది, కాబట్టి పగుళ్లు లేవని నిశ్చింతగా ఉండకూడదు. కొన్ని ఇంజన్లలో మూత వెనుక పళ్లున్న టైమింగ్ బెల్టు ఉంటుంది, అది వేరు. దాని జోలికి మెకానిక్కు తప్ప ఎవరూ పోరాదు.

మెకానిక్ దుకాణంలో పారేసిన పాత ఏటవాలు బెల్టు ఒకటి అడిగి తెచ్చుకోండి. పెద్దవాళ్ల చేత అడ్డంగా కోయించి చూడండి. రబ్బరు మధ్య తెల్లని పోగుల వరుస కనిపిస్తుంది. లాగుడంతా మోసేది ఆ పోగులే. పక్క గోడలను వేలితో రాసి, కొత్త బెల్టు గోడలతో పోల్చండి.