దోమ ఇంట అతిథి

హైదరాబాదులో చిక్కడపల్లికి సమీపాన, నల్లకుంటలో జ్వరాల ఆసుపత్రి ఉంది. నగరవాసులు కోరంటి ఆసుపత్రి అని పిలిచే ఆ సంస్థ అధికారిక నామంలో సర్ రోనాల్డ్ రాస్ పేరు చేరి ఉంది.

రాస్ సైనిక వైద్యుడు. మలేరియాకు దోమతో సంబంధముందన్న నమ్మకంతో సికిందరాబాదు బేగంపేటలో దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. చాలాకాలం ఆయన చూసినవి ఆ వ్యాధితో సంబంధంలేని జాతులే. చివరకు హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, తన దేహాన్ని దోమలకు అప్పగించాడు. వాటిలో ఒకదాని జీర్ణాశయపు గోడలో 1897 ఆగస్టు 20న పరాన్నజీవి కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. రక్తమిచ్చిన రోగిని తలచుకొనేవారు తక్కువ.

పరాన్నజీవికి ఆశ్రయమిచ్చే జీవి అతిథేయి. పరాన్నజీవి లైంగిక ప్రత్యుత్పత్తి జరిపేది నిశ్చిత అతిథేయిలో. అలైంగికంగా వృద్ధి చెందేది, లేదా డింభక దశలు గడిపేది మధ్యస్థ అతిథేయిలో. ఈ లెక్కన మలేరియా పరాన్నజీవికి అసలు విడిది దోమ. మనిషి మధ్యస్థుడు మాత్రమే. చలిజ్వరంతో వణికేవాడికి ఈ మాట వింతగానే తోస్తుంది!

బోదకాలు విషయంలో పాత్రలు తారుమారవుతాయి. ఫైలేరియా పురుగులు మనిషి శోషరస నాళాలలో పెరిగి పెద్దవై పిల్లలను కంటాయి. ఆ పిల్లలు దోమలో డింభక దశలను మాత్రమే గడుపుతాయి. వాహకం రెండింటికీ దోమే. అయితే మేడమీది నీటితొట్టిలో పుట్టే అనాఫిలిస్ స్టిఫెన్సీ మలేరియాను, మురుగుకాలువలో పుట్టే క్యూలెక్స్ బోదకాలును మోసుకొస్తాయి.